రత్నములకు రంగు ఎక్కడిది?

కథలాపూర్ మండలమందలి ఒక గ్రామపంచాయతీ కార్యాలయమున మేము కూర్చుండియుండగా ఒక వృద్ధురాలు వచ్చి, కొంగుముడి విప్పి, ఒక ఉంగరమును సర్పంచిగారి బల్లమీద పెట్టెను. ఆమె కుమారుడు దుబాయిలో కూలిపనికి పోయియున్నాడు. అచట మూడు నెలలుగా పని లేక అతడు ఇబ్బందిపడుచున్నాడని తెలిసి ఆమె దిగులుపడియుండగా, ఊరిలోనికి రాళ్ల వ్యాపారి యొకడు వచ్చెను. కుమారునికి శనిదోషము కలదనియు, నీలము ధరించినచో అది తొలగుననియు అతడు చెప్పెను. ఆమె 25 వేల రూపాయలిచ్చి రాయి కొనెను. అందు సగము పొదుపు సంఘమునుండి తెచ్చిన అప్పు. తరువాత జగిత్యాలలో ఒక కంసాలి ఆ రాయిని చూచి, ఇది నీలము కాదు, గాజు అని చెప్పెను. వ్యాపారి మరల ఊరిలోనికి రాలేదు.

వార్డు సభ్యుడొకరు ఆ ఉంగరమును కిటికీ వెలుతురునకెత్తి చూచి, “రంగు ఇంత మంచిగున్నది గద అవ్వా, ఇది గాజెట్లయితది?” అని అడిగెను. అచట ఉన్నవారెవ్వరును బదులు చెప్పలేదు. నిజమునకు ఆ రాయి రంగు మిక్కిలి బాగుగనే ఉన్నది. కడుగని అసలు నీలముకంటె అదియే అందముగ నుండెనని చెప్పినను తప్పు కాదు.

గ్రహములను గూర్చి, దోషములను గూర్చి మేమిచట ఏమియు చెప్పబోము. అది ఎవరి విశ్వాసము వారిది. కాని ఆ సభ్యుడు అడిగిన ప్రశ్న మాత్రము మంచి ప్రశ్న. రంగు బాగున్నంత మాత్రమున రాయి అసలుదని ఏల నమ్మరాదు? దీనికి బదులు చెప్పవలెనన్న, అసలు రాయికి రంగు ఎక్కడినుండి వచ్చునో ముందుగ తెలిసికొనవలెను.

వాన వెలిసిన పిమ్మట ఆకాశమున సింగిడి పొడుచుటను మనమందరము చూచినవారమే. సూర్యుని తెల్లని వెలుగులో ఎరుపు మొదలు ఊదా వరకు అన్ని రంగులును కలవని అది మనకు చూపుచున్నది. సామాన్యముగ వస్తువులకు సొంత వెలుగు లేదు. తనమీద పడిన వెలుగులో కొన్ని రంగులను అది మ్రింగివేసి, మిగిలినవానిని విడిచిపెట్టును. ఆ విడిచిన రంగులే మన కంటికి చేరును. పసుపు కొమ్ము నీలపు వెలుగును మ్రింగును, అందుచే పచ్చగ కనబడును. కెంపు ఆకుపచ్చ వెలుగును, ఊదా వెలుగును మ్రింగి ఎరుపును పోనిచ్చును. ఏ రంగును మ్రింగని రాయి నీటివలె తెల్లగ ఉండును.

అయితే రాయిలో వెలుగును మ్రింగునది ఏది? ఇచటనే వింత యున్నది. చాల రత్నములలో రాయి శరీరమునకు రంగు లేనే లేదు. అందు చిక్కుకొనిన చిటికెడు పరాయి పదార్థమే ఆ పని చేయును. సిరిసిల్ల మగ్గములకు పోవు నూలు తెల్లనిది. అద్దకపు తొట్టిలో కలుపు రంగుపొడి నూలు బరువుతో పోల్చిన ఎంతయో తక్కువ. ఐనను చీర యంతయు ఎర్రనగును. రాళ్ల విషయమున ఆ చిటికెడు ఇంకను చిన్నది.

కురువిందము అను రాయిని తీసికొందము. కత్తులకు పదును పెట్టు సానలకు పూర్వము దీని పొడినే వాడెడివారు. మన రాష్ట్రమున ఖమ్మము ప్రాంతమున ఇది దొరకును. సత్తు గిన్నెలకు వాడు అల్యూమినియము అను లోహమును, మనము పీల్చు ప్రాణవాయువును గట్టిగ పెనవేసికొని స్ఫటికమైనచో అది కురువిందము. పరిశుద్ధమైన కురువిందమునకు రంగు లేదు. అందు అల్యూమినియము ఉండవలసిన కొన్ని తావులలో క్రోమియము అను లోహము చేరినచో అదే కెంపు. నూటికి ఒక పాలు క్రోమియము ఉండుట కూడ సాధారణముగ అరుదు. అదే కురువిందమున క్రోమియమునకు బదులు ఇనుమును, టైటానియమును చేరినచో అది నీలము. ఇనుము మాత్రమే చేరినచో పసుపు వన్నె వచ్చును. కెంపును నీలమును వేర్వేరు జాతుల రత్నములని మన పెద్దలు లెక్కించిరి. నేడు పరీక్షించి చూచిన అవి ఒకే తల్లి బిడ్డలు.

నీలము సంగతి కొంచెము వివరించవలసి యున్నది, ఏలయన మన తగవు నీలమును గూర్చినదే. ఇనుము ఒంటిగ ఉన్నచో కురువిందమునకు ఆ గాఢమైన నీలిరంగు రాదు. టైటానియము ఒంటిగ ఉన్నను రాదు. రెండును ప్రక్కప్రక్కన కూర్చుండవలెను. ఆకు నమిలిన నోరు పండదు, వక్క నమిలినను పండదు, సున్నమును తోడైనపుడే పండునని మనకు తెలియును. అట్లే ఇనుప పరమాణువునుండి ప్రక్కనున్న టైటానియము పరమాణువునకు ఎలక్ట్రాను అను సూక్ష్మ కణము గెంతును. ఆ గెంతుటకు కావలసిన శక్తిని అది ఎరుపు, పసుపు వెలుగులనుండి తీసికొనును. మిగిలిన నీలి వెలుగు మన కంటికి వచ్చును. ఈ ఒక్క సంగతిని జ్ఞాపకముంచుకొనుడు, దీనితో తరువాత పని యున్నది.

ఇంకొక వింత. కెంపును ఎర్రగ చేయు క్రోమియమే మరకతమును ఆకుపచ్చగ చేయును. మరకతము బెరిల్ అను వేరొక రాయి. దానికిని స్వతహాగ రంగు లేదు. ఒకే లోహము ఒకచోట ఎరుపును, ఒకచోట పచ్చదనమును ఎట్లు ఇచ్చును? మన కోరుట్ల, మెట్‌పల్లి, కథలాపూర్ రైతులకు ఇది చెప్పుట సులభము. పసుపు పచ్చనిది. అందు సున్నము కలిపిన ఎర్రని పారాణి యగును. పసుపు మారలేదు, దాని సాంగత్యము మారినది. ఈ పోలిక అన్ని విధముల సరిపోదు, ఐనను దారి చూపును. కురువిందమున ప్రాణవాయు పరమాణువులు క్రోమియమును బిగించి పట్టుకొనును, బెరిల్‌లో ఆ పట్టు కొంచెము సడలియుండును. ఆ కొద్ది సడలింపుచేతనే క్రోమియము మ్రింగు రంగులు మారిపోవును. అంతేకాదు, మ్రింగిన వెలుగులో కొంత భాగమును కెంపు మరల ఎర్రని వెలుగుగ వెలిగ్రక్కును. నిప్పుకణికవంటి కెంపు అని జనులు అనుటలో శాస్త్రమే ఉన్నది. 1960లో అమెరికాలో థియొడర్ మైమన్ మొట్టమొదటి లేసరు యంత్రమును నిర్మించినపుడు ఈ గుణమునే ఆధారము చేసికొని, మనుష్యులు తయారుచేసిన కెంపు కడ్డీని వాడెను.

క్రోమియము దొరల ఇండ్లలోనిది. ఇనుము అట్లు కాదు, అది మన కాలిక్రింద నున్నది. మన మండలములలో చెలక నేలలు ఎర్రగ ఉండుటకు కారణము ఇనుప త్రుప్పు. కుమ్మరి ఆవములో పెట్టకముందు పచ్చికుండ మట్టిరంగుననే యుండును. కాలిన పిమ్మట ఎర్రనగును. మట్టిలోని ఇనుముతో కూడియున్న తేమ వేడికి తొలగిపోయి, ఎర్రని త్రుప్పు మిగులుటయే ఇందలి రహస్యము. ఈ కుమ్మరి విద్యనే రత్నకారులు రెండువేల యేండ్లకు పూర్వమునుండి రాళ్లకును వాడిరి. ఎర్రని అకీకు రాయి, దానినే కార్నీలియన్ అందురు, త్రవ్వినపుడు చాలవరకు మట్టిపసుపు వన్నెలో నుండును. దానిని పిడకల నిప్పులో కాల్చి ఎర్రగ చేయుదురు. గుజరాతులోని ఖంభాతు ఈ పనికి ప్రసిద్ధి. 1940వ దశకమున సంగారెడ్డి సమీపమున కొండాపూర్ వద్ద హైదరాబాదు పురావస్తు శాఖవారు శాతవాహనుల నాటి పట్టణమును త్రవ్వగా ఇట్టి రంగురాళ్ల పూసలు విరివిగ దొరకినవి. మన జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డుననున్న కోటిలింగాలయు ఆ శాతవాహనుల నాటి పట్టణమే. కావున రాయికి రంగెక్కించుట నేటి మోసగాండ్రు కనిపెట్టినది కాదు. మన పూర్వులు మోసపుచ్చుటకై చేయలేదు, అందమునకై చేసిరి. అంతియే భేదము.

కొన్ని రాళ్లలో ఇనుము అతిథి కాదు, ఇంటివాడే. ఎర్రని గార్నెట్ అట్టిది. ఇనుము లేనిదే ఆ జాతి గార్నెట్ పుట్టనే పుట్టదు. కనుక దానికి రంగు లేని రూపము లేదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గరీబుపేట గుట్ట ఇట్టి గార్నెట్లకు పేరుపడినది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు ప్రాచీన కాలమున పూసల పరిశ్రమకు కేంద్రము, రోము దేశముతో వర్తకము చేసిన రేవు. అచట దొరకిన గార్నెట్ పూసలలోని సూక్ష్మ చిహ్నములను పరీక్షించి, అవి గరీబుపేట గుట్టనుండి పోయినవని విద్వాంసులు 2017లో ప్రకటించిరి. పేరులో పేదరికమున్నను ఆ ఊరి రాయి సముద్రతీరపు రేవువరకు నడచి పోయినది.

ఇనుము చేయు చిత్రములు ఇంతటితో ముగియవు. మన చెలకలలో నాగలికర్రుకు తగులు తెల్లని పలుగురాయి అందరెరిగినదే. అది స్వచ్ఛమైన స్ఫటికమైనపుడు, అందు అత్యల్పముగ ఇనుము చేరి, చుట్టుప్రక్కల శిలలనుండి వెలువడు సహజ కిరణములు లక్షల యేండ్లు దానిపై సోకినచో, అది ఊదారంగు పొంది అమెథిస్టు అనబడును. ఆ అమెథిస్టునే నాలుగైదు వందల డిగ్రీల వేడిలో ఉంచిన ఊదా పోయి పసుపు వన్నె వచ్చును. ఆ పసుపురాయిని పుష్యరాగమని అమ్మువారు లేకపోలేదు. పుష్యరాగము వేరు జాతి, వేరు వెల. ఇక పాత గోలీసోడా సీసా ఆకుపచ్చగ నుండుటకును, కిటికీ అద్దమును అంచునుండి చూచిన పచ్చగ కనబడుటకును కారణము గాజు చేయు ఇసుకలో నున్న ఇనుమే.

ఇచట సభ్యులకు ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా గుట్టలనుండి తీయు గోధుమవన్నె గ్రానైటును వర్తకులు టాన్ బ్రౌన్ అందురు. దిమ్మెలు రైళ్లపై కాకినాడ రేవునకు పోయి, అచటినుండి చైనా మొదలగు దేశములకు ఎగుమతి యగుచున్నవి. ఆ రాయిలో ప్రధానమైన ఫెల్డ్‌స్పార్ అను ఖనిజము రంగే రాయికి ఆ పేరు తెచ్చినది. ఫెల్డ్‌స్పార్ స్వతహాగ తెల్లనిది. చాల గ్రానైటులలో అది ఎర్రబారుటకు కారణము అందు చెదరియున్న ఇనుప త్రుప్పు రేణువులు. గుట్ట పోవునది రాయి గట్టిదనముకై కాదు, గట్టిరాయి ఎచటనైనను కలదు. రంగుకొఱకే గుట్ట పోవుచున్నది. గ్రానైటు 1957 నాటి గనుల చట్టము ప్రకారము చిల్లర ఖనిజము, దాని అనుమతులు రాష్ట్ర ప్రభుత్వపు నిబంధనలను బట్టి యుండును. గనులవలన బాధపడు గ్రామముల మేలు కొఱకు జిల్లా ఖనిజ నిధి ఏర్పడవలెనని 2015లో ఆ చట్టమును సవరించిరి. గుట్టమీది వాననీరు ఏ వాగున పడి ఏ చెరువు నిండుచున్నదో ఊరివారికి తెలిసినంతగ కాగితములకు తెలియదు. కావున గుట్టను గూర్చిన ప్రస్తావన వచ్చినపుడు సభ్యులు ఆ సంగతిని గ్రామసభలో వ్రాయించి ఉంచుట మంచిది.

వజ్రముల మాట చెప్పక తెలుగుదేశమున రత్నములను గూర్చి వ్రాయుట సాధ్యము కాదు. గోలకొండ రాజ్యపు వజ్రములనగా ప్రపంచమున పేరు. నిజమునకు గోలకొండ అంగడి మాత్రమే. వజ్రములు దొరకినది కృష్ణాతీరమున కొల్లూరు, పరిటాల మొదలగు తావులలో. వజ్రము పరిశుద్ధమైన బొగ్గుపదార్థము, అనగా కార్బను. అందు నత్రజని చేరినచో పసుపువన్నె వచ్చును. గోలకొండ వజ్రములలో పెక్కింటియందు నత్రజని దాదాపు లేదు. అందుచే అవి నీటిబొట్టువలె నుండి ఆ ఖ్యాతి గడించినవి. ఇచట రంగు లేకపోవుటయే గొప్ప. కాని బోరాను అను మూలకము చేరిన వజ్రము నీలమగును. టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దమున మన దేశమునకు పలుమారులు వచ్చి, పాత కొలతలో 112 కారట్లకు మించిన నీలివజ్రము నొకదానిని కొనిపోయి, ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మెను. అది కొల్లూరుదని విద్వాంసుల అభిప్రాయము. 1792లో దొంగల పాలై, పిమ్మట చిన్నదిగ సానపట్టబడి, నేడు హోప్ వజ్రమను పేర 45 కారట్ల పైచిలుకు తూగుచు, 1958 నుండి అమెరికాలోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో నున్నది. అందలి బోరాను పది లక్షల పరమాణువులలో ఒకటి చొప్పున ఉన్నదో లేదో. అనగా ఊరి చెరువులో ఒక బిందె నీరు కలిపినంత. ఆ బిందెడుకే ప్రపంచము ఎగబడి చూచుచున్నది.

ఇంతవరకు చెప్పినదంతయు పరాయి పరమాణువుల కథ. ఏ పరాయి పదార్థమును లేకయే రంగులు చూపు రాళ్లును కలవు. ఓపల్ అను రాయిలో ఇసుక పదార్థపు అతిసూక్ష్మమైన గుండ్లు గోలీలవలె వరుసగ పేర్చియుండును. ఆ వరుసలమధ్య వెలుగు విరిగి రంగులుగ విడిపోవును. నీటిమీద తేలు నూనెపొరపై కనబడు రంగులును, ముత్యముపై మెరయు ఇంద్రచాపపు ఛాయయు ఇట్టి బంధువులే. సర్ సి. వి. రామన్ వజ్రములను, ఓపల్‌ను, అకీకును సేకరించి 1950వ దశకమున శ్రద్ధతో పరిశోధించిరి. వారి శిష్యులగు సూరి భగవంతముగారు ఆగిరిపల్లిలో జన్మించిన తెలుగువారు. 1930 ప్రాంతముననే వజ్రముపై వెలుగు ప్రసరణను పరిశీలించి వ్యాసములు వ్రాసి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

ఇక బల్లమీది ఉంగరమునకు వత్తము.

రంగు చిటికెడు పరాయి పదార్థముచే వచ్చుననుకొంటిమి గదా. ఆ చిటికెడును భూమియే వేయవలెనన్న నియమము లేదు. మనుష్యుడును వేయగలడు. గాజును కరిగించునపుడు కోబాల్టు లవణము కొంచెము వేసిన అది గాఢమైన నీలమగును. మన ఆడపడుచుల చేతి నీలిగాజులకు ఆ రంగు అట్లే వచ్చును. ఆ గాజునే సానపట్టి ఉంగరమున పొదిగిన, వెలుతురునకెత్తి చూచువానికి నీలమే. కంటికి చేరునది నీలి వెలుగు మాత్రమే. ఆ వెలుగును కోబాల్టు పంపినదో, ఇనుమును టైటానియమును కలిసి పంపినవో కన్ను చెప్పలేదు. సభ్యుడు అడిగిన ప్రశ్నకు బదులు ఇదియే.

ఊళ్లలో ఒక పరీక్ష ప్రచారమున నున్నది. రాయిని పాలలో వేసిన పాలు నీలిగ కనబడిన అది అసలు నీలమందురు. ఆ వ్యాపారియు ముంతెడు పాలు తెప్పించి వృద్ధురాలికి ఈ పరీక్షను చూపెనట! నీలి సీసా పెంకును పాలలో వేసినను పాలు అట్లే కనబడును. రాయిగుండ వచ్చిన నీలి వెలుగు పాలపై పడుటయే తప్ప అందు మహిమ లేదు. నమ్మనివారు ఇంటిలో చేసి చూడవచ్చును.

గాజును పట్టుటకు కొన్ని గుర్తులు కలవు. భూతద్దముతో చూచిన గాజులో గుండ్రని గాలిబుడగలు కనబడవచ్చును. అసలు స్ఫటికమును నాలుకకు గాని పెదవికి గాని తాకించిన చల్లగ నుండును, గాజు అంత చల్లగ నుండదు. కొన్నాళ్లు ధరించిన గాజురాయి అంచులు అరగిపోవును, కురువిందము ఊరకే అరగదు. కాని ఇవి అనుమానము పుట్టించుటకే గాని తీర్పు చెప్పుటకు చాలవు.

ఏలయన, గాజుకంటె కఠినమైన చిక్కు వేరొకటి యున్నది. 1902లో ఫ్రాన్సులో వెర్నాయి అను రసాయన శాస్త్రజ్ఞుడు అల్యూమినియపు పొడిని, క్రోమియపు పొడిని మంటలో కరగించి కెంపులను చేయు పద్ధతిని ప్రకటించెను. తరువాత నీలములును అట్లే చేసిరి. ఇవి గాజు కావు. గట్టిదనమున, పదార్థమున, రంగున నిజమైన కెంపులు, నిజమైన నీలములే. భూమిలో లక్షల యేండ్లు పట్టినది కొలిమిలో కొన్ని గంటలు పట్టును, అంతియే. వెల మాత్రము అతి స్వల్పము. సూక్ష్మదర్శినిలో చూచిన ఇట్టి రాయిలోని పొరలు వంపుగ కనబడును, భూమిలో పుట్టిన రాయి పొరలు తిన్నగ నుండును. దీనిని చూడగలవాడు పరీక్షాశాలలోని నిపుణుడేగాని ఊరి కంసాలి కాడు, మనము అసలే కాము.

వేడిచేయు పద్ధతియు కలదు. సింహళమున దొరకు పాలవన్నె కురువిందపు రాళ్లకు పూర్వము వెలయే లేదు. 1970వ దశకమునుండి వానిని 1,500 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచి గాఢమైన నీలములుగ మార్చుచున్నారు. ఆ పాలవన్నెకు కారణమైన టైటానియపు సూదులు వేడికి రాయిలో కరగి, ఇనుము ప్రక్కకు చేరును. జ్ఞాపకముంచుకొనుమని కోరిన సంగతి ఇదియే. వక్కకు సున్నము దొరకినది, నోరు పండినది. దీనిని మోసమని మేమనము. చెప్పి అమ్మిన వ్యాపారము, చెప్పక అమ్మిన మోసము. పగిలిన కెంపుల పగుళ్లలో సీసపు గాజును నింపి అమ్ముటయు ఈ శతాబ్దమున ప్రబలినది. అట్టిది నిమ్మరసమునకు, కంసాలి మంటకు నిలువదు.

సభ్యులు తమ గ్రామమున ఏమి చేయగలరు? రాయి కొనదలచినవారిని వలదని ఆపుట పంచాయతీ పని కాదు. కాని రసీదు లేనిదే డబ్బు చెల్లింపవలదని చెప్పుట పంచాయతీ పనియే. ఆ రసీదుమీద రాయి పేరు, బరువు, అది భూమిలో పుట్టినదా, కొలిమిలో చేసినదా, వేడిచేసినదా అను వివరమును, అమ్మువాని పేరు, చిరునామాయు ఉండవలెను. ఎక్కువ వెల చెప్పు రాయికి రత్నపరీక్షాశాల ధ్రువపత్రము అడుగవలెను. ధ్రువపత్రమును ఇవ్వజాలనివాడు రాయి గొప్పదనమును ఎంత పొగడినను వినవలసిన పని లేదు.

ఉంగరముల విషయమున మన వారు తరచుగ పొరపడు స్థలము మరియొకటి కలదు. బంగారు నగపై హాల్‌మార్కు ముద్ర యున్నచో అంతయు మేలిమి అనుకొందురు. 2021 జూన్ 16 నుండి నిర్ణీత జిల్లాలలో ఈ ముద్ర తప్పనిసరి యైనది, అటుపిమ్మట ఆరు అక్షరముల గుర్తింపు సంఖ్యయు వచ్చినది. మంచిదే. కాని ఆ ముద్ర బంగారపు స్వచ్ఛతను మాత్రమే చెప్పును. అందు పొదిగిన రాయిని గూర్చి అది ఒక్క మాటయు చెప్పదు. అంతేకాదు, రాయితోసహ తూచి బంగారపు వెల కట్టుచున్నారేమో చూడవలెను. రాయి బరువును వేరుగ, బంగారపు బరువును వేరుగ బిల్లుమీద వ్రాయించుకొనుట కొనువారి హక్కు.

మోసపోయినవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము అండగ నున్నది. 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలలోపు ఉన్నచో రుసుము లేదు, వకీలును పెట్టుకొనవలెనన్న నిర్బంధమును లేదు. కాని మోసము జరిగిన నాటినుండి 2 సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. ఫిర్యాదులో ఎదుటివాని పేరు, చిరునామా వ్రాయవలసి యుండును.

వృద్ధురాలి దగ్గర రసీదు లేదు. వ్యాపారి పేరును ఆమె అడుగలేదు. అతడిచ్చిన ఫోను సంఖ్య పలుకుటలేదు. పంచాయతీ కార్యదర్శి ఆ ఫోను సంఖ్యతో ఒక అర్జీ వ్రాసి, వృద్ధురాలిని వెంటబెట్టుకొని పోలీసు ఠాణాకు పోయి ఇచ్చివచ్చెను. ఆమె కుమారునికి అచట వేరొక కంపెనీలో పని దొరకినదని తరువాత తెలిసినది. ఉంగరము ఇంకను ఆమె దగ్గరనే యున్నది. అప్పును మాత్రము పొదుపు సంఘమువారు తొమ్మిది వాయిదాలు చేసిరి.

ఆ నెల పంచాయతీ సమావేశమున ఒక తీర్మానము జరిగినది. రాళ్లు, ఉంగరములు, నగలు అమ్మవచ్చువారు ముందుగ కార్యాలయమున తమ పేరును, ఊరును, ఆధార్ సంఖ్యలోని చివరి నాలుగు అంకెలను కార్యదర్శివద్ద వ్రాయించి, రసీదు పుస్తకమును చూపి, పిమ్మట వాడలలోనికి పోవలెనని నిర్ణయించి, మరునాటి సాయంకాలము డప్పు వేయించిరి. నీలము రంగు బాగున్నదని వెలుతురునకెత్తి చూచిన ఆ వార్డు సభ్యుడే ఈ తీర్మానమును ప్రతిపాదించెను.